రెండు సేర్ల సన్నరవ్వ

ఇది మహాకావ్యానికి సరిపోయే విషయం. ఇందులో తుపాకి ఉంది, మందు ఉంది, బారులు తీరి దిగే శత్రుసేన ఉంది. తన నేలను కాపాడుకోవడానికి నడుం కట్టిన ఒక స్త్రీ ఉంది. ఎక్కడో దూరాన పట్నంలో, పొద్దెక్కేదాకా నిద్రపోతున్న ఒక వీరుడున్నాడు. కబురందగానే అతడు లేచి బయలుదేరతాడు.

ఇలా రెండు పేజీలు నింపి, చదువుకుంటే నాకే సిగ్గేసింది. శత్రుసేన అంటే పావురాలు, ఓ నలభై ఉంటాయి. నేల అంటే ఎకరన్నర అలసంద చేను. స్త్రీ మా అత్త. ఆమె నడుం కట్టిన మాట నిజమే గానీ అది నొప్పికి. పట్నం ప్రొద్దుటూరు. వీరుడి సంగతి నేను చెప్పుకోవడం బాగుండదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. జరిగినదంతా నాకు అర్థమైందని మాత్రం అనుకోవద్దు.

ఆంధ్రరాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. నేను ఇంగ్లీషు పరీక్ష రెండోసారి తప్పి ఇంట్లో ఉన్నాను. రాష్ట్రం పేరు మారింది, నా మార్కులు మారలేదు. శివరాత్రి వెళ్లి ఎండ ముదురుతున్న ఒక ఉదయం, మా మేనమామ ఊరి మనిషి ఒకడు సంతకు వస్తూ ఒక జాబు, గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం ఇచ్చి వెళ్లాడు. మామ ఊరు జమ్మలమడుగు దాటి మైలవరం పోయే దారిలో ఉంది. జాబులో నాలుగే ముక్కలు.

"అలసందలు విత్తుచున్నాము. అల్లుణ్ణి తక్షణం పంపించేది. వచ్చునప్పుడు రెండు సేర్లు సన్నరవ్వ తేవలెను. లావురవ్వ వద్దు, దానితో పని జరగదు. ఎవరైనా అడిగిన యెడల పుస్తకం చూపించేది."

అమ్మకు చదివి వినిపించాను.

"మీ అత్తకు ఉప్మా మీద మనసైనట్టుండాది," అంది అమ్మ. "పాపం, ఆ ఊర్లో సన్నరవ్వ యాడ దొరుకుతాది?"

"పుస్తకం ఎందుకమ్మా?"

"నువ్వే కదరా సదువుకున్నోడివి. సూడు."

చూశాను. అట్ట మీద సర్కారు ముద్ర ఉంది, లోపలంతా ఇంగ్లీషే. ఇంగ్లీషులో రెండుసార్లు తప్పినవాడికి అందులో ఒక్క మాటే కంటికి ఆనింది: లైసెన్సు.

"రవ్వకు గూడా లైసెన్సు పెట్టినారా ఏందిరా?" అంది అమ్మ.

"కొత్త రాష్ట్రం కదమ్మా. ఏమైనా పెట్టొచ్చు," అన్నాను. చక్కెరకు కార్డు, కిరసనాయిలుకు కార్డు చూసినవాళ్లం. రవ్వకు మాత్రం ఎందుకుండకూడదు? నాకు సబబుగానే తోచింది.

అంగడాయన నన్ను చిన్నప్పటినుంచీ ఎరిగినవాడే. రెండు సేర్ల సన్నరవ్వ అడిగి, ఆయన అడగకముందే పుస్తకం తీసి తక్కెడ పక్కన పెట్టాను. ఆయన మొదటి పేజీ తిప్పాడు, రెండో పేజీ తిప్పాడు. నావైపు చూశాడు.

"ఇది ఎవురిదప్పా?"

"మా మామది."

"రవ్వకు వచ్చినావా?"

"రవ్వకే."

"రవ్వకు ఒక్కదానికేనా?"

"ఒక్కదానికే. సన్నది కావాలి. లావుదైతే పని జరగదని చెప్పినాడు మామ."

అంగడాయన రెండు సేర్లు కొలిచాడు. నా మొహం చూసి మరో గుప్పెడు వేశాడు. నేను పుస్తకం జేబులో పెట్టుకోబోతుంటే ఇంకో గుప్పెడు వేశాడు. పైగుడ్డతో నుదురు తుడుచుకుని, "మీ మామకు నా దండం చెప్పప్పా. మన మధ్య ఏం ల్యాదు కదా," అన్నాడు. ఆయనకూ మా మామకూ మధ్య ఏముండాలో నాకు తెలియలేదు. ఎంత మర్యాదస్థుడో అనుకుని ఇంటికొచ్చాను. దారిలో పురుగు పట్టకుండా అమ్మ ఆ రవ్వను ఎర్రగా వేయించి, చల్లార్చి, సంచికి మూతి కట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకుని, మధ్యాహ్నానికి చేను చేరాను. మామ బావి దగ్గర కానుగ చెట్టు కింద కూచుని తుపాకి తుడుస్తున్నాడు. అది ఒంటిగొట్టం తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరిపీచు కుక్కి, కడ్డీతో దట్టించాలి. అది మామ చేతికి వచ్చినప్పటినుంచి దాన్ని కాల్చడం కన్నా తుడవడమే ఎక్కువగా జరిగింది.

దాన్ని చూశాక నన్నెందుకు పిలిపించారో తెలిసింది. మామకు కుడికంట్లో పొర కమ్మింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, మామకు తప్ప. అంతకు ముందు తిరునాళ్లలో బొమ్మ తుపాకితో నేను ఆరు బెలూన్లకు ఐదు పగలగొట్టాను. ఆరోదాన్ని అంగడివాడే విసుగెత్తి పొడిచేశాడు. అప్పట్నుంచి మామ దృష్టిలో నేను గురి తప్పని మనిషిని. ఆ దృష్టికి పొర ఉందని ఇంతకుముందే చెప్పాను.

"వచ్చినావా అల్లుడా! సూడు, సూడు, ఎట్ల మేస్తాండాయో," అన్నాడు.

చేను ఆ పొద్దుటే విత్తారు. బావినీళ్లతో తడిపి, ఆరనిచ్చి, గొర్రుతో సాళ్లు పట్టించి విత్తనం వేశారు. ఆ సాళ్ల వెంబడి పావురాలు వరసగా నడుస్తున్నాయి. పై అధికారి మాటకు గుమాస్తాలు తలలూపినట్టు, అడుగుకొకసారి తలూపుతూ, తలూపినప్పుడల్లా ఒక గింజ మింగుతూ. అవి ఎక్కడినుంచో వచ్చినవి కావు. మా బావి రాతిగోడ సందుల్లోనే కాపురం. మా నీళ్లు తాగుతాయి, మా విత్తనం తింటాయి, అద్దె లేదు.

అత్త గట్టు మీద నిలబడి చేటతో అదిలిస్తోంది. ఈ కొసన అదిలిస్తే ఆ కొసన దిగుతున్నాయి. నన్ను చూసి దగ్గరికి వచ్చి, గట్టు మీదున్న ఒక కుండను తీసి నా ముందు బోర్లించింది. కాస్త బూడిద రాలింది. అంతే.

"సూసినావా నాయనా? ఇంగ ఒక్క గింజ ల్యా."

అవి మామూలు అలసందలు కావు. అత్త పుట్టిల్లు పులివెందుల దిక్కు. పెండ్లయి వచ్చేటప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపిన విత్తనం అది. చిన్న గింజ, తెల్లగా ఉండి నల్లకన్ను ఉంటుంది, నానబెట్టకపోయినా మెత్తగా ఉడుకుతుంది. వాళ్లమ్మ పోయింది. అన్నదమ్ములు అలసందలు మానేసి చెనిక్కాయలు వేసుకుంటున్నారు. ఆ విత్తనం ఇక అక్కడ లేదు. ఏటేటా కొంత వేసుకుని, కొంత బూడిదలో దాచి, అత్త ఒక్కతే దాన్ని బతికించుకుంటూ వచ్చింది. పోయినేడు వానల్లేక పంట చేతికి రాలేదు. మిగిలిన ఆ కుండెడూ ఆ పొద్దుట చేలో పడింది.

"ఈ పొద్దు ఇయి తినేస్తే మా అమ్మ అలసందలు అయిపాయె," అంది.

నేను ఏదో ఒక ఎగతాళి మాట అనబోయాను. మానుకుని, బోర్లించిన కుండను తిప్పి నిలబెట్టాను. మాట మింగడం నాకు అలవాటు లేదు.

మామ అప్పటికే గొట్టంలో మందు పోసి, పీచు కుక్కి దట్టించేశాడు. చెయ్యి చాపాడు.

"రవ్వ తీ."

సంచి మూతి విప్పి ఇచ్చాను. మామ లోపల చెయ్యి పెట్టాడు. తీశాడు. కంటి దగ్గర పెట్టుకుని చూశాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందిది?"

"రవ్వ, మామా. సన్నదే."

"ఏందిరా ఇది?"

"అమ్మ ఏయించింది గూడా. పురుగు పట్టదు."

అత్త ఒక చిటికెడు నోట్లో వేసుకుంది. "బాగా ఏగింది," అంది.

"రవ్వంటే సీసం రవ్వరా, నీ పాసుగాల! తుపాకిలో మందు మీద ఏసేది! లైసెన్సు పుస్తకం ఎందుకు పంపినాననుకున్యావు, ఉప్మాకా?"

"ఉప్మాకే అనుకున్యాం, మామా."

అంగడాయన నుదుటి చెమట అప్పుడు కళ్లముందు మెదిలింది. తుపాకి లైసెన్సు చూపించి రవ్వ అడిగి, లావుదైతే పని జరగదని హెచ్చరించి వచ్చాను. ఆయన ఆ రాత్రి నిద్రపోయాడో లేదో.

మామ రవ్వ అంటిన చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "మందు పోసిన తుపాకి ఊరికే పెట్టగూడదు. కాల్చాల్సిందే. సప్పుడుకైనా పోతాయి," అన్నాడు. ఉత్త మందే కాల్చడం మర్యాద కాదనిపించిందో ఏమో, రెండు గుప్పెళ్ల ఉప్మారవ్వ గొట్టంలోకి పోశాడు.

"అల్లుడా, మీ మామకు చెప్పు, అది పావురాలకు మేతని," అంది అత్త.

"మీ అత్తకు చెప్పు, తుపాకి సంగతి ఆమెకు తెల్దని," అన్నాడు మామ.

ఇద్దరి మధ్యా జానెడు దూరం. మధ్యలో నేను. ఎవరి మాట ఎవరికి చేరవేయాలో తెలియక తుపాకి అందుకున్నాను.

"యా పావురానికి కొట్టల్ల మామా?"

"పెద్దదానికి."

అన్నీ ఒక్క కొలతే ఉన్నాయి. ఏదో ఒకదాని మీద గురి పెట్టి, కళ్లు రెండూ మూసి, మీట నొక్కాను.

బొమ్మ తుపాకికీ దీనికీ తేడా నా భుజానికి మొదట తెలిసింది. నేను కూచున్నానని నాకు తర్వాత తెలిసింది. తెల్లటి పొగ కమ్మి, తిరగమాత వేయని ఉప్మా వాసన గుప్పుమంది. పావురాలన్నీ ఒక్కసారిగా లేచి, చుట్టు తిరిగి, బిలబిలమంటూ బావిలోకి దిగిపోయాయి. చేను ఖాళీ అయింది.

"ఎన్ని పడినాయిరా?" అన్నాడు మామ, పొగలోకి కళ్లు చిట్లించి.

"అన్నీ బావిలో పడినాయి మామా."

"అన్నీనా!" మామ మీసం మీద చెయ్యి వేశాడు.

"పడినాయంటే, ఇండ్లకు పోయినాయి."

ఆ చెయ్యి మీసం మీదే కాసేపు ఆగిపోయింది. అది దిగేలోపలే మొదటి పావురం బావి గట్టు మీదికి వచ్చి కూచుంది. దాని వెనక రెండు, తర్వాత పది. చేలోకి దిగి, అటు గట్టు మీద పడిన రవ్వను కాస్త రుచి చూసి, మళ్లీ సాళ్లలోకి నడిచాయి. అత్త చేట పట్టుకుని పరుగెత్తింది.

సరిగ్గా అప్పుడే పక్క చేని ముసలాయన రొప్పుకుంటూ వచ్చాడు. తలకు తువ్వాల చుట్టి, చేతిలో నిలువెత్తు కర్ర. మా వైపు తుపాకి చప్పుడైతే జనం రెండు రకాలుగా పరుగెత్తుతారు, కొందరు దూరంగా, కొందరు దగ్గరికి. ఈయన రెండో రకం.

"ఎవుర్ని కొట్టినార్రా?"

"పావురాన్ని," అన్నాను భుజం పట్టుకుని.

"పావురమా? యా ఊరోడు?"

"మా బావిలోదే, తాతా."

ఆయన నావైపూ, మామవైపూ, తుపాకివైపూ చూశాడు. ఏమీ పాలుపోలేదు. గట్టు మీది రవ్వను కాలితో కదిపాడు, అది ఇంకా పాలుపోలేదు. నాకు ఆయన మీద జాలేసింది. ఆ రోజంతా నా పరిస్థితీ అదే. ఎవరూ చావలేదని రూఢి చేసుకుని, కర్ర చంకలో పెట్టుకుని, ఊరికే ఉండలేక చేలోకి నాలుగడుగులు వేశాడు. వంగి సాలులోకి చూశాడు. అక్కణ్ణుంచే తలెత్తి అడిగాడు.

"ఏమప్పా, గింజలన్నీ పైనే తెల్లగా అగపడతాండాయి. విత్తినాక గుంటక తోల్లేదా?"

"తోలినారే," అన్నాడు మామ. అని, అత్తవైపు చూశాడు.

అత్త చేట కిందికి దించింది. "నేను సంగటి కెలకను ఇంటికి పోతిని. నువ్వు తోలిస్తాననింటివి గదా?"

"నేను తుపాకి తుడుస్తాంటి. నువ్వు ఎద్దులోళ్లకు చెప్పి పోయినావనుకుంటి."

"నాకేం తెల్సు? నువ్వుండావు గదా అని వాళ్లు గొర్రు ఎత్తుకోని పాయిరి."

ఆ రోజు వాళ్లిద్దరూ నా సాయం లేకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

ముసలాయన నోరు తెరిచాడు, తుపాకివైపు ఒకసారి చూసి మూసుకున్నాడు. తన చేలోకి వెళ్లి ఎద్దుల జతను తోలుకొచ్చాడు. వెనక గుంటక ఈడ్చుకొస్తోంది. అది పెద్ద యంత్రమేమీ కాదు. అడ్డంగా ఒక దుంగ, దానికింద ఒక ఇనుప బద్దె. నేలను పైపైన కోస్తూ సాలులోకి మట్టిని నెడుతుంది. ముసలాయన ముందు తోలుతుంటే, అత్త వెనకాలే వంగి నడుస్తూ, మట్టి కప్పని గింజ కనిపించిన చోటల్లా వేలితో లోపలికి నొక్కింది. నడుం సంగతి మరిచిపోయినట్టుంది. నేను ఇంకో సాలు పట్టుకుని మోకాళ్ల మీద పాకాను. మామ తుపాకిని చెట్టుకు ఆనించి వచ్చి, తనకు కనిపించని గింజల్ని తనకు కనిపించని చోట్ల శ్రద్ధగా పాతాడు.

పొద్దు వాలకముందే పని అయిపోయింది. బావి పక్కన నాలుగు సాళ్లు అప్పటికే ఖాళీ. మిగతా చేను నున్నగా, నల్లగా ఉంది. పావురాలు మళ్లీ దిగి, ఈ కొసనుంచి ఆ కొసకు నడిచి, అక్కడక్కడ పొడిచి చూసి, వెళ్లిపోయాయి. అత్త మాత్రం చీకటి పడేదాకా గట్టు దిగలేదు. ఐదో రోజుకు నాలుగు సాళ్లు తప్ప చేనంతా రెండేసి ఆకులు విచ్చుకుందని ఆమె రాయించిన జాబు వచ్చింది.

అలసంద గింజ మీద రెండు వేళ్ల మందం మట్టి ఉంటే పావురం దాన్ని తవ్వుకోదు.