గడ్డం కింద పట్టు పైట

ఆ రోజుల్లో మగాడంటే ఎవరని నన్నడిగితే, నవ్వనివాడని చెప్పేవాణ్ణి. తెరమీద నేరాలు చేసే హీరోలందరూ గుబురు గడ్డాలతో, మెడ ఓ పక్కకి వాల్చి, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండేవారు. (ఆ సినిమాల్లో ఆడవాళ్లకి రెండే పనులు: మొదట హీరోని చూసి భయపడటం, తర్వాత అతని గాయానికి కట్టు కట్టడం.) రేపల్లె నుంచి రోజూ రైల్లో తెనాలి వచ్చి చీరల షాపులో పనిచేసే నేను కూడా గడ్డం పెంచి, మెడ వాల్చాను. మూడు నెలలు చూసి, పనికొస్తేనే ఉంచుకుంటానన్నారు ఓనరు గారు. "వీడు ఎక్కడా కుదురుగా ఉండడు" అని ఇంట్లో అప్పటికే పేరు మోశాను కాబట్టి, ఇదీ పోతే తలెత్తుకునే దారి లేదు.

చిక్కల్లా ఒక్కటే. మా షాపులో సేల్స్‌మన్ చీరని తన ఒంటికే చుట్టుకుని, కుచ్చిళ్లు పోసి, పైట వేసి చూపించాలి. నేను తప్పించుకు తిరిగేవాణ్ణి. మెలితిరిగిన మీసాల సీనియర్ (షాపంతా ఆయన్ని బాబాయ్ అనేది) మాత్రం అరనిమిషంలో పెళ్లికూతురై నిలబడేవాడు. ఆయన సెలవు పెట్టిన రోజే భట్టిప్రోలు నుంచి పెళ్లివారు దిగారు. పెళ్లికూతురి మేనత్త ఓ మెరూన్ పట్టుచీర నా వైపు తోసి, "కట్టుకుని చూపించు నాయనా" అంది. నేను మెడ వాల్చి, కళ్లు చిట్లించి చూశాను. ఆవిడ భయపడలేదు సరికదా, "మెడ పట్టేసిందా అబ్బాయ్? కొబ్బరినూనె రాసి కాపడం పెట్టుకో" అని, పెళ్లికూతురి వైపు తిరిగి, "లేమ్మా, చీరాల పోదాం" అంటూ చెప్పుల కోసం వెతికింది.

కౌంటర్ వెనక ఓనరు గారు కళ్లజోడు తీశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఉండండి పిన్నిగారూ" అని చీర అందుకున్నాను. కుచ్చిళ్లు అడ్డదిడ్డంగా పడితే, పెళ్లికూతురే వచ్చి సర్దింది. మేనత్త నన్ను ఎగాదిగా చూసి, "ఈ గడ్డానికే ఇంత బాగుంటే మా పిల్లకి తిరుగేముంది! ఇంకో నాలుగు తియ్యి" అంది. ఓనరు గారు కళ్లజోడు పెట్టుకుని, "ఇక నువ్వు పట్టుచీరల దగ్గరే ఉండరా" అన్నారు. (గడ్డం తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.)

ఇప్పటికీ అలాంటి సినిమాలు వదలను. బయల్దేరే ముందు మా ఆవిడ కుచ్చిళ్లు మోకాళ్లమీద కూర్చుని నేనే సర్దుతాను. తెరమీద హీరో ఎవరి ముందూ మోకాలు వంచనని గర్జిస్తుంటే, ఆవిడ నావైపు చూసి ముసిముసిగా నవ్వుతుంది. నేనూ హాయిగా నవ్వేస్తాను. నవ్వకుండా అన్ని రోజులు నెట్టుకొచ్చిన ఆ గడ్డం కుర్రాడు అప్పుడే గుర్తొస్తాడు. పాపం, వాడికెంత మెడనొప్పో.