ఫిర్యాదుకు కాగితం ఇచ్చిన సుశీలమ్మ

ఈ ఉదయం మా బళేపేట వర్తక సంఘం హాల్లో రక్తదాన శిబిరం. మెట్లెక్కుతుండగానే దూది మీది స్పిరిట్ వాసన తగిలి సుశీలమ్మ గుర్తొచ్చారు. ఆమె రక్తనిధిలో కౌన్సిలర్‌గా పనిచేసేవారు. రెండేళ్ళ క్రితం పోయారు. మీరు ఆమెను చూసి ఉండరు కనుక చెబుతున్నాను.

నాది గాజుల అంగడి. ఏటా తప్పకుండా రక్తం ఇచ్చేవాణ్ణి. ఒక ఏడాది శిబిరం అయిన కొన్నాళ్ళకు సంఘం కార్యదర్శి అంగడి ముందు నిలబడి, లోపల ఆడవాళ్ళు గాజులు తొడిగించుకుంటుండగా, "ఏమప్పా, నీ రక్తంలో కామెర్ల రోగం ఉండాదంట! ఇంక నీ పేరు రాసుకోవద్దన్నారు" అని అరిచాడు. నేను గాజులు తొడుగుతున్న ఆవిడ చప్పున చేయి లాక్కుంది. అది మంగళవారం, ఆవిడ అడిగినవి ఆకుపచ్చ గాజులు. నేనేదీ మరచిపోను.

మర్నాడే రక్తనిధికి వెళ్ళి గొంతు చించుకున్నాను. అందరూ పక్క గది చూపించారు. సుశీలమ్మ మాత్రం కూర్చోబెట్టి చివరిదాకా విన్నారు. "మీకు హెపటైటిస్ బి ఉండాదప్పా. ఒంట్లో ఏ బాధా లేక, రక్తమిద్దామని వచ్చినోళ్ళలోనే ఇట్లా ఒకరో ఇద్దరో తేలతారు. మీకొక్కరికే చెప్పాల్సిన మాట అది. మా గుమాస్తా సంఘానికి ఫోన్లో చెప్పేసినాడు. తప్పు మాదే" అన్నారు. సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి నా ముందు పెట్టారు.

"రాయండి."

"ఏం రాయాల?"

"మా మీద కంప్లెయింట్."

అప్పటికి నేను వెలగని వీధిదీపం మొదలు ఎన్నింటి మీదో ఫిర్యాదులు రాసినవాణ్ణి. తన ఆఫీసు మీదే రాయమని కాగితమిచ్చిన మనిషిని మాత్రం చూడలేదు. నాలుగు పేజీలు రాశాను. ఆమె మూడున్నర కొట్టేశారు. "కార్యదర్శి మీసాల సంగతి ఇందులో ఎందుకప్పా? మీ కోపం వద్దు, జరిగింది చాలు." ఆ అర పేజీ పనిచేసింది. ఆ రక్తనిధిలో ఇప్పుడు ఫలితం ఏదైనా రక్తమిచ్చిన మనిషికే, ఎదురుగా కూర్చోబెట్టి చెబుతారు. అది నా వల్ల వచ్చిన నియమం. గర్వంగానే చెప్పుకుంటాను.

అంగడిలో మాత్రం నాచేత గాజులు తొడిగించుకునేవాళ్ళు లేకపోయారు. ముప్పై ఏళ్ళ చేతిపని ఆగిపోయేలా ఉంది. ఆమె చెప్పినట్టు ఇంట్లోవాళ్ళకు పరీక్ష చేయించి, టీకా సూదులు వేయించాను. నేను కాలేయం డాక్టరు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక శనివారం అంగడి నిండా జనముండగా సుశీలమ్మ వచ్చి నా ఎదుట చేయి చాపారు.

"గాజు పగిలి గీసుకుంటే?" అన్నాను.

"తాకితే రాదు, రక్తం తగిలితేనే వస్తుందని చెప్పినా కదా. మీ వేళ్ళకు గాయముండాదా?"

"లేదు."

"మరింకేం? ముప్పై ఏళ్ళ పనోడు ఈ చేతికే భయపడితే ఎట్లప్పా!"

డజను తొడిగాను. ఒక్కటీ పగలలేదు. ఆమె లేవగానే ఆ పీట మీద ఇంకొకావిడ వచ్చి కూర్చుంది.

పోయిన ఏడాది శిబిరం తర్వాత ఒకాయన, అంగడిలో ఎవరూ లేనప్పుడు వచ్చి, "నాకూ అదే ఉండాదంట. ఏం చేయాల?" అని మెల్లగా అడిగాడు. నన్ను బాగా నొప్పించినవాళ్ళలో ఆయనొకడు. అడగాల్సిన మాటలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ అడగలేదు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయనెవరని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. చెప్పలేదు. చెప్పను.