కాంతామణి డాక్టరమ్మ పీట

చంకలో పీట లేకుండా కాంతామణి డాక్టరమ్మ గడప దాటేది కాదు.

1984లో తమిళనాడు ధర్మపురిలో ఆవిడ దగ్గర ఆపరేషన్ గది నర్సుగా ఉన్నాను కనుక కారణం నాకు తెలుసు. మా పెద్ద సర్జన్ వరదరాజన్ ఆరడుగుల మనిషి. ఆపరేషన్ బల్లను కాలి పంపుతో తన ఎత్తుకు లేపి పెట్టించాడు. తను సెలవులో ఉన్నా దించకూడదు. "దించితే పంపు చెడిపోతుంది. పొట్టివాళ్లు ప్రసవాల వార్డు చూసుకోవచ్చు గదా," అని అరవంలో తేల్చేశాడు.

డాక్టరమ్మ ఇంటి నుంచి పీట తెచ్చుకుంది. గదిలో వదిలితే మర్నాడు అది వేడినీళ్ల పొయ్యి పక్కన కట్టెల్లో దొరికేది. అందుకే ఎక్కడికి పోయినా వెంటే.

మొరప్పూర్ బస్సులో కండక్టర్ పీటకు టికెట్ అడిగాడు.

"అది సీటు అడిగిందా అప్పా?" అంది.

మా అక్క మాదమ్మాళ్ కూతురి పెండ్లికీ పీటతోనే వచ్చింది.

"ఏం డాక్టరమ్మా, మా ఇంట్లో పీట లేదనుకొంటివా?" అక్క మూతి తిప్పింది.

"కూర్చునేదానికి కాదక్కా, నిలబడేదానికి."

అంతటితో ఆగిందా? నర్సు చదువుతున్న పెండ్లికూతుర్ని తలంబ్రాలకు ముందే పీట ఎక్కించింది. "ఎక్కు కన్నూ. చేతులు ముందుకు పెట్టు. మోచెయ్యి ఏడికొస్తా ఉంది?" ఆస్పత్రిలో పనికి చేరే ప్రతి అమ్మాయికీ ఇదే పరీక్ష. పిచ్చి ముదిరిందనుకున్నాం.

శాంత అనే కొత్త డాక్టరు సర్జరీ నేర్చుకోవడానికి చేరింది. డాక్టరమ్మకంటే పొట్టి. తొలిరోజే పీట ఎక్కింది. నెల తిరక్కుండానే వరదరాజన్ అన్నాడు: "సోమవారం నుంచి ప్రసవాల వార్డు."

"ఆపరేషన్ చేసేదానికే గదక్కా ఇంత దూరం వచ్చినాను. ఇంక ఊరికి పోతాను," అని శాంత నా దగ్గర ఏడ్చింది.

సోమవారం ఆపరేషన్ గది తలుపు తీసి కొయ్యబారిపోయాను. నేలంతా పీటలు. బెత్తెడువి, జానెడువి, అంతకు మించినవి. ప్రతిదాని మీదా అరవ అక్షరాల్లో ఒక అమ్మాయి పేరు. చదువింకా ముగించని మా అక్క కూతురికి కూడా ఒకటి. ఇన్నాళ్లూ ఆవిడ తీసింది కొలతలు. చేసింది పళ్లిపట్టి ఊరి వడ్రంగి. శాంత చేతులు కడుక్కుని తన పీట మీద నిలబడి ఉంది.

వరదరాజన్ వస్తూనే ఒక పీటకు తట్టుకుని ఇంకో పీట మీద కూలబడ్డాడు.

"ఇది ఆపరేషన్ థియేటరా, వడ్రంగి కొట్టా?"

"ఏం చేసేది సార్, బల్ల దిగదు గదా," అంది డాక్టరమ్మ ఎంతో వినయంగా.

ఆయన మోకాలు రుద్దుకుంటూ పీటలన్నిటినీ, వాటి మీది పేర్లనూ చూశాడు. "సరే, పంపు తొక్కండి."

నేనే తొక్కాను. బల్ల చప్పుడైనా లేకుండా దిగింది. పంపుకు ఏ రోగమూ లేదు. అన్నేళ్లూ ఎవరూ తొక్కలేదు, అంతే. ఆ రోజు అపెండిక్స్ తీసింది శాంతే, నేల మీద నిలబడి.

మీ ఊరి ఆస్పత్రికి పోయినప్పుడు, ఆపరేషన్ చేసే డాక్టరమ్మ కాళ్ల కింద ఏముందో అడగండి. పీట ఉందంటే ఆవిడ ఓర్పును మెచ్చుకుని వచ్చేయకండి. బల్ల దించమనండి. దించేదాకా అక్కడే కూర్చోండి. కూర్చోడానికి పీట ఎటూ ఉంది.