గంగక్క బాన మీది గుడ్డ

గంగక్క ఇంట్లో మంచినీళ్ళ బాన మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు. మొగుడు బొజ్జన్నకు లేదు, కొడుకు కంబన్నకు లేదు, కోడలు నాగక్కకు అసలే లేదు. దాహమైతే అడగాలి, ఆమె ముంచి ఇవ్వాలి. నందికొట్కూరుకు పడమటనున్న ఆ పల్లెలో నీళ్ళంటే దిగుడుబావి నీళ్ళే. ఎవరైనా సరే మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, కడవ ముంచుకొని రావాల్సిందే. ఎండాకాలం వస్తే ఆ నీళ్ళకూ కుడితికీ తేడా తెలిసేది కాదు. ఊరంతా తాగుతుంటే ఈమెకొక్కదానికే ఏమిటింత యాగీ అని పక్కింటి ఈరక్క నవ్వేది. నవ్వనీ! కడుపుకోత పడ్డవాళ్ళకు తెలుస్తుంది గానీ నవ్వేవాళ్ళకేం తెలుస్తుంది?

తెచ్చిన నీళ్ళను గంగక్క ముందు పాత కడవలో పోసేది. చిల్లగింజను కడవ లోపలి అంచుకు అరగదీసి ఆ గంధం నీళ్ళలో కలిపితే బురదంతా అడుక్కు దిగేది. పైనున్న తేటను, బాన మూతికి మడతలేసి కట్టిన గుడ్డలోంచి నిదానంగా వంచేది. ఆ గుడ్డ బొజ్జన్న పెండ్లిపంచెలోంచి చించింది. దాని మూలన ఎర్రదారంతో ఒక ముడి కుట్టింది. ఆ ముడి ఎప్పుడూ పైకే ఉండాలి. గుడ్డ తిరగబడిందంటే నిన్న పైన ఆగిన నలుసులన్నీ ఈ పొద్దు బానలోకే కదా దిగేది! సాయంత్రం దాన్ని జాడించి, బూడిదనీళ్ళలో ఉడకబెట్టి, వెలుతురుకు పట్టి ఎక్కడైనా చిల్లు పడిందేమో చూసేది.

ఇక ఆ నీళ్ళలో ఉప్పు సంగతి సరేసరి. ఎంత మంట పెట్టినా పప్పు బద్ద మెత్తబడేది కాదు. అందుకని పప్పుకు పోసే నీళ్ళను ముందే మరగకాచి, తేర్చి, అప్పుడు ఎసరు పెట్టేది. కాచిన కుండ అడుగున సున్నంలాగా పట్టిన తెల్లటి పొరను చింతపండు పిప్పితో తోమీ తోమీ ఆమె వేళ్ళు పగిలిపోయేవి. తాగేవి కూడా అట్లే కాచుకోవచ్చు కదా అంటారేమో, కట్టెలెక్కడివి తల్లీ? కంపచెట్టుకు కూడా కొట్లాడుకునే నేల అది.

"ఏమ్మే, ఆ గుడ్డకు చేసే సేవ నాకు చేసింటే ఎట్లుందునో!" అనేవాడు బొజ్జన్న.

"నీకు చిల్లు పడితే మందేస్తారులే. దానికి పడితే కొంప మునుగుతాది" అనేది ఆమె, తల తిప్పకుండానే.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. పెండ్లయిన కొత్తలో, చంకలో పసిపిల్ల ఉన్నప్పుడు, గంగక్క మోకాటి కింద ఒక బొబ్బ లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. బొబ్బ చితికితే లోపలినుంచి తెల్లటి పురుగు, నూలుపోగులాగా సన్నగా, తల బయట పెట్టింది. నారిపుండు. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి, తెగకూడదు. ఆమెకు తెగింది. కాలు దిమ్మెలాగా వాచింది, జ్వరం కాచింది, వానాకాలమంతా మంచం మీదే. పాలు ఎండిపోయాయి. పొలాలన్నీ పచ్చబడే వేళకు పసిపిల్ల చేతుల్లోనే పోయింది. అప్పటినుంచి గంగక్క మోకాలు సరిగా వంగదు.

తర్వాత ఎప్పుడో ఒక హెల్తు ఇన్‌స్పెక్టరు చావడి దగ్గర నిలబడి చెప్పిపోయాడు. నీళ్ళలో కంటికి ఆనని పురుగులుంటాయనీ, అవి కడుపులోకి పోతే యేడాదికి పెద్దవై కాలిలోంచి బయటికొస్తాయనీ, వడగట్టుకోండి లేదా కాచుకోండి అనీ. పుండున్న కాలు బావిలో పెడితే దాని పిల్లలు నీళ్ళలో కలిసి ఊరందరికీ పట్టుకుంటాయి, జాగ్రత్త అని కూడా చెప్పాడు. విన్నవాళ్ళు పంచెలు దులుపుకొని పోయారు. గంగక్క మాత్రం ఆ మాట కొంగున కట్టుకుంది.

అంత తెలిసినా దాని పేరు మాత్రం ఆమె ఎత్తేది కాదు. ఆ ఊళ్ళో ఎవరూ ఎత్తరు. పేరెత్తితే ఇంటికి దారి చూపినట్టేనని వాళ్ళ నమ్మకం. 'అది' అంటారు, అంతే.

కర్నూలు రాజధాని అయినాక వచ్చిన మొదటి శివరాత్రికి గంగక్క మహానందికి బయలుదేరింది. నాగక్క కడుపుతో ఉంది. బిడ్డ చల్లగా పుట్టాలని మొక్కు. ఈరక్క వాళ్ళ బండిలో చోటు దొరికింది. పోయేముందు కోడలికి గుడ్డ చేతికిచ్చి, ముడి చూపించి, "ఇది పైకి. ఏం చెప్పినా?" అంది. "ఇది పైకి" అంది నాగక్క. బండి ఎక్కి మళ్ళీ దిగి వచ్చి, "పైకి" అంది గంగక్క. మహానందిలో కోనేటి అడుగున గులకరాళ్ళు కూడా కనబడే తేటనీళ్ళు చూసి అందరూ శివా అని మునుగుతుంటే, ఈమె మనసంతా ఇంట్లో బాన మీదే. తిరుగు దారిలో నీళ్ళకుండ పగిలి అందరికీ నాలుక పిడచగట్టుకుపోయింది. దారి పక్కన ఒక దిగుడుబావి కనబడితే దిగారు. బండి కదులుతోంది రమ్మని ఈరక్క కేకేస్తుంటే, గంగక్క ఒక దోసెడు నీళ్ళు గొంతులో పోసుకొని కుంటుకుంటూ వచ్చి బండెక్కింది. ఎప్పుడెప్పుడు ఇల్లు చేరుదామా అని ఆమె ఆత్రం.

ఇంటికొచ్చి నేరుగా బాన దగ్గరికి పోయింది. ఎర్రముడి పైన లేదు. వంగి చూసింది. కిందికి ఉంది.

నోరు తెరిచి అడగబోయింది. ఎదురుగా కోడలు, ఎత్తుగా కడుపు, బిక్కమొహం. అడిగితే పేరెత్తాలి. కడుపుతో ఉన్నదాని ముందు ఆ పేరా? గంగక్క పెదవులు బిగించి బానను దొడ్లోకి లాగి బోర్లించింది. కానీ ఇన్నాళ్ళూ తాగేసిన నీళ్ళను ఎట్లా బోర్లిస్తుంది? అది చాలదన్నట్టు వానాకాలానికని దాచుకున్న కట్టెలు సగం తరిగిపోయి ఉన్నాయి. నేను లేనని పుట్టింటివాళ్ళను పిలిచి వండిపెట్టి ఉంటుంది, గుడ్డ ఎట్లుంటే దీనికేం అని పళ్ళు నూరుకుంది.

అక్కడినుంచి మొదలైంది. దినదినగండం నూరేళ్ళాయుష్షు అంటారే, అట్లా గడిచింది ఆ యేడు. మనవడు పుట్టాడు, మహానందీశ్వరుడి పేరు కలిసొచ్చేట్టు నందన్న అని పెట్టుకున్నారు. ఊరంతా బిడ్డ మొహం చూసి మురిసిపోతే, ఈమె కోడలి కాళ్ళు చూసేది. నాగక్క పాలిస్తుంటే చూసేది, కసువు ఊడుస్తుంటే చూసేది. దోమ కుట్టి దద్దురు లేస్తే గంగక్కకు ఆ పూట ముద్ద దిగేది కాదు. యేడాది అన్నాడు కదా ఇన్‌స్పెక్టరు, అంటే మళ్ళీ శివరాత్రికి! అప్పటికి బిడ్డ ఇంకా పాలమీదే ఉంటాడు. తల్లి మంచం పడితే? పాలు ఎండితే? ఆ పైన ఆలోచించే ధైర్యం ఆమెకు లేదు.

"ఏమత్తా, నా కాళ్ళలో ఏమన్నా బంగారముందా, అట్ల చూస్తాండావు?" అని ఒకసారి నాగక్క అడిగేసింది.

"నీ కాళ్ళు ఎవురు చూస్తాండారు పో, మాటలు నేర్చినావు" అని కసిరింది గంగక్క.

శివరాత్రి వచ్చింది, పోయింది. నాగక్క కాళ్ళు నున్నగా ఉన్నాయి. గంగక్క ఊపిరి పీల్చుకోలేదు. అనుమానం పెనుభూతం, ఊరికే వదులుతుందా?

ఉగాది దగ్గర పడ్డ ఒక పొద్దున కడవ చంకనెత్తుకొని బావికి పోయింది. తెల్లవారినప్పటినుంచి ఎడమకాలి మడమ పైన ఒకటే మంట. ముల్లు గీసుకుందేమో అనుకుంది. పై మెట్టు మీద నిలబడింది. కింద ఈరక్క, ఇంకో ఇద్దరు నీళ్ళలో నిలబడి కడవలు ముంచుతున్నారు. చల్లటి నీళ్ళు కనబడగానే కాలు అందులో పెట్టాలని ప్రాణం లాగింది. ఆ లాగడం ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. చీర కుచ్చెళ్ళు పైకెత్తి చూసుకుంది.

బొబ్బ.

యేడాదంతా ఇంటిల్లిపాది కాళ్ళూ చూసిన మనిషి తన కాళ్ళు చూసుకోలేదు! దారి పక్క బావి, దోసెడు నీళ్ళు, ఈరక్క కేక, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మొదట ఏడుపు రాలేదు. 'నాకు! దానికి కాదు, నాకు!' అనుకుంటే సంతోషంతో ఒళ్ళు తేలికైంది. ఆ వెంటనే పై మెట్టు మీదినుంచి వెనక్కి తిరిగింది. ఇంకో నాలుగు మెట్లు దిగి ఉంటే ఊరి నీళ్ళలో తన చేతులారా విషం కలిపి ఉండేది.

"యాడికి తిరుక్కున్నావే? దిగు" అంది కిందినుంచి ఈరక్క.

"దిగను. నా కాలికి నారిపుండు లేచింది" అని గంగక్క గట్టిగా అంది. ఖాళీ కడవతో ఇంటికి తిరిగింది.

నాగక్క బిడ్డను చంకనేసుకొని ఎదురొచ్చింది. అత్త కాలు చూసి అరుగు మీద కూలబడింది.

"నీకొస్తాదని యేడాదిగా చస్తా బతుకుతా ఉండానే. ఆ శివరాత్రికి గుడ్డ తిప్పి కట్నావు గదా" అంది గంగక్క.

"తిప్పి కట్నానా? కట్టింటాలే. కానీ ఆ బాన నీళ్ళు మేం యాడ తాగినాము అత్తా!" నాగక్క కళ్ళు నీళ్ళతో నిండాయి. "నువ్వు బండి దిగొచ్చి మళ్ళా పైకి అన్యావు చూడు, అప్పుడే నాకు చేతులు వణికినాయి. యాడ తప్పు చేస్తానో, కడుపులో బిడ్డుండాడే అని దినమూ కాచి తాగినాము. బాన నీళ్ళు కడుక్కునేందుకే. కట్టెలన్నీ కాల్చేస్తి. తిడతావని చెప్పలే."

సగం తరిగిన కట్టెల సంగతి గంగక్కకు ఇప్పుడు తెలిసింది. తన భయమే ఈ పిల్లకూ పట్టుకుంది, తనకన్నా నాలుగు రెట్లు. ఒక్కమాట అడిగి ఉంటే! యేడాదిపాటు ఒకే పొయ్యి దగ్గర కూర్చొని ఇద్దరూ వేరువేరుగా ఏడ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె కాలికి వేపాకు నూరి కట్టి మంచం మీద పడుకోబెట్టారు. నాగక్క నందన్నను తెచ్చి పక్కన వేసి, కడవ తీసుకొని బావికి పోయింది. వచ్చి బురద తేర్చింది. బాన మూతికి గుడ్డ కట్టింది. మంచం మీదినుంచి కోడలి చేతులు కనబడుతున్నాయి గానీ గుడ్డ మూల కనబడదు.

"వచ్చి చూస్తావా అత్తా? లేపేదా?"

గంగక్క మెడ ఎత్తింది. మళ్ళీ దిండు మీద వాల్చింది.

"వద్దులే. దప్పికైతాంది, ఒక చెంబు ముంచకరా."

నాగక్క తెచ్చిన నీళ్ళను వెలుతురుకు పట్టకుండానే గంగక్క గటగటా తాగింది.