ఉప్పు మీటరు వెంట దివిసీమ దాకా

నాకు కారు లేదు, బైకు లేదు, డ్రైవింగ్ లైసెన్సు కూడా లేదు. హైదరాబాద్‌లో ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తానన్నది ఈ బ్లాగు చదివేవాళ్ళకి పాత సంగతే. చిన్న చిన్న చిప్‌లకి ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. సొంత సరదాకి చేసిన బోర్డుల డిజైన్లూ వాటి ప్రోగ్రాములూ నెట్‌లో ఉచితంగా పెడతాను. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అలా పెట్టినవాటిలో నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు ఒకటి. ఈ ప్రయాణం దానివల్లే వచ్చింది. సరదాగా తిరిగి రావడానికి వెళ్ళలేదు. అయినా సొంత బండి లేకుండా దివిసీమకి ఎలా వెళ్ళాలని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి టైములూ చార్జీలూ కూడా కలిపే రాస్తున్నాను.

ఆ మీటరు డిజైను చూసి గుడివాడలో జిలానీ గారనే రేడియో మెకానిక్ ఎనిమిది తయారుచేసి డెల్టా రైతులకి ఇచ్చారు. ఆ సంగతి చెబుతూ ఆయన మెయిల్ పెట్టించిన రోజు ఆఫీసులో అందరికీ చూపించి మురిసిపోయాను. మొన్న ఆగస్టులో ఆయనే ఫోన్ చేశారు. దివిసీమ చివర ఒక ఊళ్ళో నారుమళ్ళు మాడిపోయాయట, మీటరు మీద అనుమానంగా ఉంది, ఒకసారి చూడమన్నారు. ప్రోగ్రాము తెరిస్తే పది నిమిషాల్లో తప్పు దొరికింది. నేను పెట్టిన లెక్క 255 దాకానే పోతుంది. ఉప్పు అంతకు మించితే మళ్ళీ సున్నా నుంచి మొదలు, బస్సులో కిలోమీటర్ల మీటరు తొమ్మిదులన్నీ నిండాక సున్నాలకి తిరిగినట్టు. అంటే సముద్రపు నీళ్ళు పెడితే మంచినీళ్ళని చూపిస్తుంది. హైదరాబాద్‌లో నా టేబుల్ మీద గ్లాసు నీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపి పరీక్షించి, బ్రహ్మాండంగా ఉందనుకున్న పెద్దమనిషిని నేను.

సికింద్రాబాద్‌లో ఎక్కిన బందరు రైలు గుడివాడలో ఉదయం ఆరున్నరకి దింపింది. స్లీపరు టికెట్టు నూట డెబ్భై. స్టేషను నుంచి జిలానీ గారి షాపుకి పావుగంట నడక. ఆయన టీ తెప్పించి, విప్పి పెట్టిన ఏడు మీటర్లు చూపించారు.

"ఏడూ వెనక్కి తెప్పించానండీ. ఎనిమిదోది ఆ ఊళ్ళోనే ఉంది, సాంబశివరావు గారి దగ్గర. మాడింది ఆయన నారుమడీ ఆ చుట్టుపక్కలవీ," అన్నారు.

అసలు సంగతి ఆయన దగ్గరే తెలిసింది. ఆ ఊరికి కాలవ నీళ్ళు సరిగ్గా అందవు. పక్కనున్న మురుగుకాలవ నుంచి ఇంజను పెట్టి తోడుకుంటారు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ కాలవలోకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి. అందుకని నాంచారయ్య అనే పెద్దాయన దోసిట్లో నీళ్ళు తీసుకుని, పుక్కిలించి ఉమ్మి, సరేనంటేనే ఇంజను వేసేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఇదే పద్ధతి. మీటరు వచ్చాక కూడా ఆయన్ని మానిపించలేదు. నాలుకా మీటరూ రెండూ సరేనంటేనే నీళ్ళు పెట్టాలని మాట అనుకున్నారు.

"ఆ రోజు రెండూ సరేనన్నాయంట. ఇప్పుడు ఊరంతా ముసలాయన్నే అంటున్నారు, నాలుక చచ్చినోడు నారు చంపాడని. నాకు ఎటూ మింగుడు పడటంలేదండీ," అన్నారు జిలానీ గారు.

సరిచేసిన ప్రోగ్రాము ఏడింటిలోనూ ఎక్కించి, ఒకటి సంచిలో పెట్టుకున్నాను. కారు మాట్లాడతానంటే వద్దన్నాను. అదేం గొప్పకాదు, అలవాటు. పైగా ఆ ఊరికి ఎంత ఆలస్యంగా చేరితే అంత మంచిదని లోపల అనిపిస్తోంది కూడా.

తొమ్మిదిన్నర పాసింజరుకి ఎనిమిది రూపాయలు పెట్టి టికెట్టు తీసుకుని, బందరుకి ముందు చిలకలపూడిలో దిగాను. మీటరు నీళ్ళలో ముంచే పుల్లలకి బంగారు పూత అక్కడే వేయించారు, తుప్పు పట్టకుండా. తప్పులో సగమైనా ఆ పూతదే అయితే బావుండునని నాకు ఆశ. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట. పూత వేసిన రోల్డ్‌గోల్డ్ పనివాడు జరిగింది విని, నా సంచిలోని మీటరు పుల్లని భూతద్దం కింద పెట్టి చూసి నవ్వేశాడు.

"పూత నిక్షేపంలా ఉందండీ. ఒకవేళ ఊడినా మీ మిషను తక్కువ చూపిద్దేమో కానీ, ఇలా గుండ్రంగా తిరిగి రాదు. తప్పు ఇంకెక్కడో చూసుకోండి."

చూసుకునేదేముంది, తెలిసిందే. బందరు బస్టాండు నుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డకి గంటకి రెండు మూడు బస్సులున్నాయి. ఇరవై ఎనిమిది రూపాయలు, దాదాపు రెండు గంటలు. పులిగడ్డ దగ్గర కాలవని ఏటి మీదుగా దాటించే అక్విడక్టు దాటితే దివిసీమ. కిటికీ పక్కన కూర్చుంటే రెండు వైపులా పచ్చదనం కళ్ళు నింపుతుంది. నేను మాత్రం ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. అవనిగడ్డ మెస్సులో భోజనం చేసి, పక్క షాపులో రోజుకి ఇరవై రూపాయల అద్దెకి సైకిల్ తీసుకున్నాను. కోడూరు మీదుగా ఆ ఊరికి గంటన్నర పట్టింది. రోడ్డు చదునే, ఎదురుగాలే చంపేస్తుంది. కోడూరు దాటాక పచ్చదనం తగ్గుతూ వచ్చి, ఒకచోట చేలు ఉన్నట్టుండి ఎండు తాటాకు రంగులోకి మారాయి. ఎవరినీ దారి అడగాల్సిన అవసరం లేకపోయింది.

సాంబశివరావు గారు గట్టు మీదే ఉన్నారు. యాభై ఏళ్ళ మనిషి. ఫలానా అని చెప్పుకుంటే నన్నూ సైకిల్‌నీ మార్చి మార్చి చూశారు.

"మిషను చేసినాయన అద్దె సైకిలేసుకుని వచ్చాడా? ఎవరు పంపించారు బాబూ నిన్ను, ఆ ముసలాయన చుట్టానివా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి సంచిలోంచి కొత్త మీటరు తీశాను, ఆయన పాతది తెచ్చారు. నాలుగు దాటింది, పోటు మీదుంది. రెండూ పక్కపక్కన కాలవలో ముంచాను. పాతది ఇరవై రెండు చూపించింది. కొత్తది రెండువందల డెబ్భై ఎనిమిది. నూరు దాటితే నీళ్ళు పెట్టకూడదన్నది నేనే పెట్టిన లెక్క. ఆయన వంగి రెండు అంకెలూ మళ్ళీ చదివారు.

"ఆ రోజూ ఇదే ఇరవై రెండు," అన్నారు. "మొవ్వ నుంచి నారు తెచ్చి మూడెకరాలు నాటాం. మిగతాది ఈ ఏటికి బీడే. నువ్వు చెప్పాల్సింది నాకు కాదు బాబూ. పద."

నాంచారయ్య గారు ఇంటి అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి, నాతో మెల్లగా, "కూరలో ఉప్పు రవ్వంత తగ్గితే కంచం తోసేసే మనిషి. ఇప్పుడు ఏం పెట్టినా మాటాడకుండా తినేస్తన్నాడు నాయనా," అంది.

నేను దాచకుండా అంతా చెప్పాను. ఆయన పేనడం ఆపలేదు.

"ఆ రోజు ఉప్పగానే తగిలింది బాబూ," అన్నారు. "మీటరు చూస్తే ఇరవై రెండని చదివారు. అప్పుడే వారం రోజులు జొరం పడి లేచాను, నోరంతా చేదు. మిషనుకి జొరం రాదు గదా, నా నాలుకే పోయింటదనుకుని సరేనన్నాను."

"మీ నాలుక పోలేదు బాబాయ్ గారూ. అది సరిగ్గానే చెప్పింది. తప్పు పూర్తిగా నాది. ఈ మాట ఊరందరి ముందూ చెబుతాను."

"ఇదిగో, నేనూ చెబుతాను," అన్నారు సాంబశివరావు గారు. "నిన్ను నానా మాటలూ అన్నాం. రేపటి నుంచి మళ్ళీ నువ్వే చూద్దువుగాని, రా బాబాయ్."

ఆయన ముఖం తేటపడుతుందని నేను ఎదురుచూశాను. ఇంత దూరం వచ్చింది దానికోసమే. ఆయన తాడు కింద పెట్టారు.

"ఇన్నాళ్ళూ నాలుక చచ్చింది, ముసలితనం, ఏం చేస్తాం అనుకుని అన్నం తింటన్నాను. ఇప్పుడు బాగానే ఉందని చెప్పావు. అంటే తెలిసే ఇంజను వేయించానన్నమాట."

"అది కాదండీ..."

"నీ మిషనుకి తెలియక చెప్పింది. నాకు తెలిసింది గదా. ఉప్పగా ఉందిరా అని ఒక్క మాట అంటే ఇంజను ఆపేవోళ్ళు. అనలేదు." సాంబశివరావు గారి వైపు తిరిగి, "నన్ను పిలవబాకండి," అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఊళ్ళో పదిమంది ముందు చెప్పి, పాత మీటరు సంచిలో వేసుకుని, చీకటి పడేవేళకి అవనిగడ్డ చేరాను. నిజం చెబితే ఎవరికో బరువు తగ్గుతుందని అనుకుంటాం. తగ్గింది నాకు. ఆయన దగ్గరున్న ఒక్క ఊరటా నేను లాక్కుని వచ్చాను. డిజైను అందరికీ తెరిచి పెడితే తప్పులు వాటంతటవే బయటపడతాయని ఈ బ్లాగులోనే ఎన్నోసార్లు గొప్పగా రాశాను. ఎవరైనా చూడొచ్చు కానీ ఎవరూ చూడలేదు, ముందు నేనే చూడలేదు. ప్రోగ్రాములో ఆ ఒక్క వరస సరిచేశాను. ఈ సంగతంతా డిజైను పేజీలో అన్నిటికంటే పైన రాసిపెట్టాను. అయినా ఆయన అరుగు మీంచి లేచి వెళ్ళిన తీరు రోజూ గుర్తొస్తూనే ఉంది, ఇది ఎప్పటికి పోతుందో తెలియదు.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. మంచినీళ్ళు అవనిగడ్డలోనే నింపుకోండి. కోడూరు దాటాక బోరు నీళ్ళే గతి అయితే, బాటిల్లో పట్టేముందు గుక్కెడు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా తగిలితే, పక్కనున్నవాళ్ళు బాగానే ఉన్నాయన్నా సరే, ఉప్పగా ఉన్నాయని పైకి అనండి.