ఫహాహీల్ బాల్కనీ తాడు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే ఆపి "నువ్వు చూశావా, చూసినవాళ్ళు చెబితే విన్నావా?" అని అడిగే రకం నేను. మా అమ్మ నర్సు. ఆమెతో పనిచేసే ఆంటీలు మా ఇంటికొచ్చి, టీ తాగుతూ, వార్డులో ఎవరో తెల్లబట్టల మనిషి తిరుగుతోందని చెప్పుకునేవాళ్ళు. "ఆంటీ, మీరందరూ వేసుకునేవి తెల్లబట్టలే కదా" అని నేను వాళ్ళ కథలన్నీ పాడుచేసేదాన్ని. ఇప్పటికీ నా తీరు మారలేదు. కాబట్టి నన్ను కూడా ఎవరైనా ఆపి అడగొచ్చు. నేనేమీ చూడలేదు. నా చేతికి తెలిసింది, అంతే.

నేను పుట్టింది నరసాపురం పక్కన ఒక పల్లెలో. పెరిగిందంతా కువైట్‌లోనే, ఫహాహీల్ బజారు వెనక నాలుగో అంతస్తు ఫ్లాట్లో. నాన్న అహ్మదిలో కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. తెల్లవారకముందే కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టేది. అమ్మకి ఆస్పత్రిలో షిఫ్టులు.

మా బాల్కనీలో నిలబడితే దక్షిణాన రిఫైనరీల మంటలు కనిపించేవి. రాత్రంతా ఆకాశం నారింజ రంగులో ఉండేది. ఆకాశమంటే ఎక్కడైనా అలాగే ఉంటుందనుకునేదాన్ని. మొదటిసారి అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళినప్పుడు రాత్రి పెరట్లోకొచ్చి పైకి చూసి, ఆకాశం ఆర్పేశారని భోరుమని ఏడ్చానట. ఆ ముచ్చట చెప్పి మా వాళ్ళు నన్ను పెళ్ళయ్యేదాకా ఏడిపించారు.

గాలి ఇటు తిరిగిన రోజు గ్యాసు వాసన వచ్చేది. అమ్మ కిటికీలు మూసేది. నాకు ఆ వాసన ఇష్టం. నాన్న చొక్కా అదే వాసన వేసేది. శుక్రవారాలు అహ్మదికి తీసుకెళ్ళేవాడు. అక్కడ చెట్లు, పచ్చగడ్డి, ఒకేలాంటి ఇళ్ళు. ఎవరో కలగని కట్టిన ఊరులా ఉండేది. ఇప్పుడు అక్కడి పాత ఇళ్ళు చాలా పడగొట్టేశారు. మా బాల్కనీ నుంచి కనిపించే మంటల్లో కూడా కొన్ని ఆరిపోయాయి. నాన్న కూడా లేడు.

వేసవి సెలవుల్లో అమ్మకి డ్యూటీ, నాన్నకి షిఫ్టు ఒకేసారి పడేవి. మధ్యలో కొన్ని గంటలు నేనూ మా తమ్ముడూ ఇద్దరమే. అమ్మ అన్నం వండిపెట్టి, మా ఇద్దరికీ ముద్దులు పెట్టి, బయటి నుంచి తాళం వేసుకుని వెళ్ళేది. చేరదీయడానికి చుట్టాలు లేని ఊళ్ళో అందరూ చేసే పనే అది. తాళం తిరిగిన చప్పుడయ్యాక కూడా అమ్మ కాసేపు గుమ్మం అవతలే నిలబడేది. తలుపు కింద సందులోంచి ఆమె చెప్పులు కనిపించేవి.

మా బిల్డింగ్ కింద ఒక బకాలా ఉండేది. బకాలా అంటే ఏమీ లేదు, కిరాణా కొట్టు. నడిపేది కేరళ ఆయన. అందరూ కాకా అనేవాళ్ళు. లుంగీ పైకి కట్టి, చెవి వెనక పెన్ను పెట్టుకుని ఉండేవాడు. నన్ను మోళే అని పిలిచేవాడు, అంటే వాళ్ళ భాషలో అమ్మాయీ అని.

పాత బిల్డింగుల్లో అప్పట్లో అందరిదీ ఒకటే పద్ధతి. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదిలితే, కొట్టువాడు సరుకులు వేసి పంపేవాడు. మాది నీలం నైలాన్ తాడు. భాష రాకపోయినా బాధ లేదు. ఖాళీ ప్యాకెట్ బుట్టలో వేస్తే చాలు, ఏం కావాలో అదే చెప్పేది. కాకా సరుకు వేసి తాడు రెండుసార్లు లాగేవాడు. పైకి లాక్కోమని.

దుమ్ముతుఫాను రోజున, ఇక్కడ దాన్ని తోజ్ అంటారు, బుట్ట గాలికి ఊగి సరుకు పడిపోతుందని సంచీ చెవుల్ని బుట్ట కాడకి కట్టేవాడు. ఆ ముడి ఆయనదే. గట్టిగా ఉండేది, కానీ ఒక కొస పట్టుకుని లాగితే ఇట్టే ఊడిపోయేది. మా చిన్నవేళ్ళ కోసం అలా కట్టేవాడు.

ఇంకో పద్ధతి మా ఇద్దరికీ ఆయనకీ మధ్యనే ఉండేది. తాళం వేసి ఉన్న రోజుల్లో మేం తాడు కిందికి వదిలే ఉంచేవాళ్ళం. కాకా అటుగా వచ్చినప్పుడల్లా ఒక్కసారి లాగేవాడు. బాగున్నారా అని. నేను తిరిగి ఒక్కసారి లాగేదాన్ని. బాగున్నాం అని. ఒకరోజు తమ్ముడికి జ్వరం, నేను పక్కనే నిద్రపోయాను. తాడుకి జవాబు రాకపోయేసరికి ఆ పెద్దమనిషి లుంగీ ఎగ్గట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కొచ్చి తలుపు విరిగేలా బాదాడు. లేచి లోపలి నుంచి "క్యా హై కాకా?" అన్నాను. అవతలి నుంచి మలయాళంలో వచ్చిన తిట్లకి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది.

కాకా ముసలివాడై కువైట్ పని ఖలాస్ చేసుకుని తన ఊరెళ్ళిపోయాడు. కొట్టు చేతులు మారింది. మా తమ్ముడు ఉద్యోగానికి వేరే దేశం పోయాడు. నాకు అహ్మదిలో ఒక ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళి. రిటైరైన అమ్మ మాతోనే, అదే ఫ్లాట్లో. అప్పటికి చుట్టూ ఉన్న బిల్డింగులు ఒక్కొక్కటే కూలుతున్నాయి. చివరికి మా యజమాని కూడా ఖాళీ చేయమన్నాడు. కింద బకాలా షట్టరు దించేశారు. దాని ముందు ఫుట్‌పాత్ అంతా రేకులతో మూసి, చిన్న గేటు పెట్టి తాళం వేశారు.

మేం మారింది ఒక శుక్రవారం. మా ఆయన హాఫ్ లారీ మాట్లాడి, కుర్రాళ్ళతో కలిసి పొద్దున్నే సామానంతా దించేశాడు. వంటిల్లు ఖాళీ. ఫ్రిజ్ వెళ్ళిపోయింది. మిగిలింది రెండు కుర్చీలు, మంచినీళ్ళ సీసా, నేనూ అమ్మా. మహబూలాలో కొత్త ఫ్లాట్లో సామాను దించేసి, వచ్చేటప్పుడు భోజనం తెచ్చి, మమ్మల్ని కార్లో తీసుకెళ్తానన్నాడు. గాలి అప్పుడే మొదలైంది. గొళ్ళెం ఊడిపోయిన తలుపు టపటపా కొట్టుకుంటోంది.

"తాళం ఏసుకుని ఎళ్ళు బాబూ, ఊరికే కొట్టేసుకుంటంది" అంది అమ్మ.

ఆయన అత్తగారి మాట జవదాటని మనిషి. తాళం వేసుకుని వెళ్ళాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ తాళం వేసిన ఫ్లాట్లో నేను. ఈసారి అమ్మ కూడా లోపలే ఉంది.

కాసేపటికి తోజ్ వచ్చేసింది. ఎదురు బిల్డింగ్ ముందు మసకబారింది, తర్వాత లేదు. పట్టపగలు ఆకాశం నారింజ రంగులోకి మారింది. అచ్చం నా చిన్నప్పటి రాత్రుల రంగే. గదిలోకి కూడా అదే వెలుగు వచ్చింది. సామాను లేని గోడల మీద కేలెండర్ల మరకలు చూస్తూ కూర్చుంటే నాకు హాయిగా నిద్రలోకి జారినట్టుంది. అమ్మ తన మొదటి డ్యూటీ గురించి ఏదో చెబుతోంది. మధ్యలో మాట తడబడింది.

చూస్తే ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. అమ్మకి సుగర్ ఉంది. పొద్దున సర్దుడు హడావుడిలో ఇన్సులిన్ వేసుకుని, ఇడ్లీ సగం తిని లేచేసింది.

"సుగరు పడిపోతందే" అంది, వార్డులో ఎవరో పేషెంటు గురించి చెప్పినట్టు. "అలా చూత్తావేంటి, తీపేదన్నా ఇయ్యి."

ఎక్కడిది తీపి? పంచదార డబ్బా మహబూలాలో ఉంది. నా హ్యాండ్‌బ్యాగు దులిపాను, ఒక్క చాక్లెట్ లేదు. మా ఆయనకి ఫోన్ చేస్తే రోడ్డు కనబడక బళ్ళన్నీ ఆగిపోయాయన్నాడు. అంబులెన్సుకి చేశాను, బయల్దేరుతున్నామన్నారు. తలుపు బాదాను. బిల్డింగ్‌లో అప్పటికి ఎవరూ లేరు. కాపలా ఉండే ఈజిప్టు ఆయన, హారిస్, జుమ్మా నమాజుకి వెళ్ళాడు. అమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. అమ్మా అని పిలిస్తే ఊ కొట్టడం కూడా ఆపేసింది.

బాల్కనీలోకి పరిగెత్తాను. నోరు తెరిస్తే దుమ్మే. హిందీలో, అరబ్బీలో, తెలుగులో అరిచాను. కింద నేల కనబడలేదు. రైలింగుకి ఆ పాత బుట్ట వేలాడుతోంది. చెత్తతో పాటు పోనీలే అని సర్దకుండా వదిలేసింది. ఎందుకు చేశానో అడగొద్దు. విప్పి కిందికి వదిలాను. ఏం కావాలో చెప్పే ఖాళీ ప్యాకెట్ కూడా వేయలేదు. ఇంట్లో ఖాళీ ప్యాకెట్ కూడా లేదు.

తాడు దుమ్ములోకి దిగిపోయింది. బుట్ట నేలకి తగిలి వదులైంది. ప్రభువా ప్రభువా అనుకుంటూ నిలబడ్డాను.

తాడు బిగిసింది. ఒకటి. రెండు.

గాలి అలా లాగదు. నా చిన్నప్పుడంతా ఆ తాడు పట్టుకుని పెరిగాను, గాలి ఊపుకీ మనిషి చేతికీ తేడా నాకు తెలుసు. పైకి లాగాను. బరువుగా వచ్చింది. బుట్టలో ప్లాస్టిక్ సంచీ, దాంట్లో మామిడి జ్యూసు డబ్బా, ఒక బిస్కెట్ ప్యాకెట్. డబ్బా చల్లగా ఉంది. సంచీ చెవులు బుట్ట కాడకి కట్టి ఉన్నాయి. కొస పట్టుకుని లాగాను. ఇట్టే ఊడింది.

ఆ క్షణాన ఏమీ అనుకోలేదు. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, చెంప లోపల కొంచెం కొంచెంగా జ్యూసు వేస్తూ కూర్చున్నాను. ముందు పెదవులు కదిలాయి. తర్వాత గుటక వేసింది. ఆ తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఒంటి మీద పోత్తన్నావే" అని కసిరింది. ఆ కసురు విని నేను ఏడ్చేశాను.

బిస్కెట్లు తినిపించి, గాలికి బాల్కనీ తలుపు కొట్టుకుంటుంటే మూయడానికి వెళ్ళాను. బుట్ట గట్టు మీద ఉంది. తాడు రెండో కొస ఎప్పుడు జారిందో రైలింగు మీద నుంచి కిందికి వేలాడుతోంది. లాక్కుందామని పట్టుకున్నాను.

కింది నుంచి ఒక్కసారి లాగారు.

భయం వేసిందా అంటే, లేదు. అదే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. నారింజ రంగు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఒళ్ళంతా చిన్నప్పటిలా తేలికైపోయింది. నేను తిరిగి ఒక్కసారి లాగాను. తాడు వదులైపోయింది.

ఆ తర్వాత మా ఆయనా, అంబులెన్సువాళ్ళూ వచ్చారు. అమ్మకి గండం గడిచిందన్నారు. దుమ్ము తగ్గాక నేను హారిస్‌ని పట్టుకుని రేకుల గేటు తీయించాను. తాళంచెవి అతని జేబులోనే ఉంది. లోపల షట్టరుకి తుప్పుతాళం. నేల మీద మెత్తటి దుమ్ము పరుచుకుని ఉంది. "వల్లా, ఎవరూ రాలేదు మదాం" అని ఒట్టేశాడు. అడుగులు లేవు. కానీ అప్పటికి గాలి ఎన్నిసార్లు తుడిచి ఉంటుందో, దాన్ని రుజువు అనలేను. జ్యూసు డబ్బా మీది తేదీ చూశాను. కొత్త సరుకే, ఏ కొట్లోనైనా దొరికేదే. పాతకాలం డబ్బా అయ్యుంటే నా గోల నేను పడేదాన్ని. రేకులు దూకి వచ్చిన పుణ్యాత్ముడెవరో ఉన్నాడని మా ఆయన అంటాడు. ఉండొచ్చు. ఆ ముడి అతనికెవరు నేర్పారో ఆయన చెప్పడు.

అమ్మకి ఏ సందేహమూ లేదు. దేవుడు పంపాడంది. ముడి సంగతి కూడా చెప్పాను. అప్పుడంది, "మిమ్మల్ని తాళమేసి ఎళ్తా రోజూ కాకాకి చెప్పేదాన్నే, పిల్లలు జాగర్త అని. 'తాడు నా చేతిలోనే ఉంటది సిస్టర్, నువ్వెళ్ళు' అనేవోడు. ఆ మాట లేకపోతే నేను డ్యూటీ చేసేదాన్ని కాదు."

మర్నాడు అమ్మ పట్టుబట్టి పాత డైరీలో నంబరు వెతికిస్తే కాకా ఇంటికి ఫోన్ చేశాం. ఆయన పోయాడనే మాట వింటానేమోనని నేను గుండె చిక్కబట్టుకున్నాను. పోలేదు. కొడుకు మాట్లాడాడు. నాన్నకి మతి పూర్తిగా పోయిందన్నాడు. ఎవర్నీ గుర్తుపట్టడట. వరండాలో కిటికీ చువ్వకి ఒక తాడు కట్టించుకున్నాడట. రోజంతా దాన్ని ఒక్కసారి లాగడం, పైకి చూడటం, ఎదురుచూడటం. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదట. నెలల తరబడి ఇదే పని. తాడు విప్పబోతే చంటిపిల్లాడిలా ఏడ్చేవాడట.

"ఇప్పుడు కూడానా?" అని అడిగాను.

లేదన్నాడు. నిన్న మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎందుకో పైకి చూసి నవ్వాడట. తాడు వదిలేసి, లేచి లోపలికి వెళ్ళి పడుకున్నాడట. పొద్దున్నుంచి మళ్ళీ దాని జోలికి పోలేదట.

నేను ఏ కథకైనా అడ్డుప్రశ్న వేసేదాన్ని. దీనికి నా దగ్గర ఒక్క ప్రశ్న కూడా లేదు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, కాకా చెవి దగ్గర పెట్టమని కొడుకుని అడిగింది. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"పిల్లలు బాగున్నారు కాకా" అంది అమ్మ. "నేను ఇంటికొచ్చేశాను."