ఫోన్ గుంజుకోని వార్డెన్

మా జైనూర్ హాస్టల్ వార్డెన్ మేడం పోయిందని మొన్న అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. తలుపేసుకుని ఏడ్చాను. అవ్వ, అంటే మా అమ్మ, బయటి నుంచి అడిగిన మొదటి మాట, “ఎవడే వాడు?” ఆడపిల్ల చేతిలో ఫోన్, కంట్లో నీళ్ళు ఉంటే మా ఇంట్లో దానికి ఒకటే అర్థం.

“హాస్టల్ల వార్డెన్ సచ్చిపోయిందే.”

“గంత మాత్రానికేనా?”

అవునన్నాను. అలా అన్నందుకు ఇంకా తల ఎత్తబుద్ధి కావడం లేదు.

మేడంది పెద్ద గొంతు. పప్పులో ఉప్పు తక్కువైందని వంటగదిలో అరిస్తే గేటు దాకా వినిపించేది. సాయంత్రం ఫోన్లు వాడుకునే వేళ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, తాను పక్కన బియ్యం ఏరుకునేది. మా ఫోన్లలోకి తొంగిచూసేది కాదు. “ఎవడన్న పరేషాన్ జేస్తే నాకు చూపెట్టుండ్రి. ఫోన్ గుంజుకోను” అనేది. అంతకుముందొకసారి ఒక పిల్లది గుంజుకుందట. “గంతే, గా పొల్ల మల్ల నోరిప్పలే. వాడు దాని దోస్తు ఫోన్‌కు మెసేజ్‌లు పంపుకుంటనే ఉన్నడు.” ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గేది.

ఇంటర్‌లో నా వంతు వచ్చింది. ఎవడో నా మొహాన్ని వేరే ఒంటికి అతికించి పంపాడు. మాట్లాడకపోతే బాపుకు పంపుతానన్నాడు. ఫోన్ బోర్లించి మేడం ఒళ్ళో పెట్టాను. చూసి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

“తిన్నవా?”

“లే.”

“ముందు తిను. వానికి జవాబియ్యకు. గా మెసేజ్‌లు తుడిచెయ్యకు, రుజువు గావాలె. పొద్దుగాల స్టేషన్‌కు పోదాం.”

“డీపీల నీ ఫొటో ఎందుకు పెట్టినవని అడుగుతరు మేడం.”

“అడగనీ. నేనుంట గద.”

అడిగారు. “పిల్ల మంచిగున్న ఫొటో పెట్టుకుంది సార్. పాడు జేసినోన్ని అడుగుండ్రి” అంది మేడం, స్టేషన్ వరండాలో వాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా. నేను నా చెప్పులే చూస్తూ నిలబడ్డాను. వాడు దొరికాడు. ఇంట్లో చెప్పొద్దని నేనే బతిమాలాను. “నీకు ధైర్యమొచ్చినప్పుడు నువ్వే చెప్తవ్ తీ” అంది.

ఆ ధైర్యం రాలేదు. ఆమె గురించి చెప్పాలంటే ఆ ఫొటో గురించి చెప్పాలి. అందుకని అంత చేసిన మనిషిని మా ఇంట్లో ఎవరో వార్డెన్‌గానే ఉంచేశాను.

పోయిన వారం, తొమ్మిదో తరగతి చదివే మా చెల్లికి ఎవడో మెసేజ్‌లు పెడుతున్నాడని బాపు దాని ఫోన్ గుంజుకుని బీరువాలో పెట్టాడు. అప్పట్నుంచి అది గోడవైపు తిరిగి పడుకుంటోంది, పిలిస్తే పలకదు.

బీరువా తెరిపించి ఫోన్ దానికిస్తాను. నా సంగతి అవ్వకూ బాపుకూ చెప్తాను. రేపు చెల్లిని తీసుకుని స్టేషన్‌కు వెళ్తున్నాను.